ఏ ఊరి కుంచముతో?

పూర్వము మన పల్లెలలో కల్లముకడ నిలిచి ఎన్ని పుట్లు పండినవని యడిగిన బేరగానికి రైతు అంకె చెప్పుటతో మాట ముగిసెడిది కాదు, "ఏ ఊరి కుంచముతో?" అను ఎదురుప్రశ్న వెంటనే పడెడిది. ఏలయన కుంచము ఊరూరికి మారెడిది. అంచువరకు గీచి కొలిచిరా, పైన శిఖ నిలిపి కొలిచిరా యనునది మనిషి మనిషికి మారెడిది. తన కుంచమును వెంటబెట్టుకొనని అంకె పొలిమేర దాటుటకు ఆ వ్యవహారజ్ఞులు ఒప్పుకొనెడివారు కారు. కొండయేళ్ళ అడుగున కంకర యెంత దొర్లిపోవుచున్నదో లెక్కించు నేటి విద్వాంసులలో పెక్కుమందికి ఆ బేరగానిపాటి అనుమానమైన లేకపోవుట నాకు వింతగా తోచుచున్నది.

వారి మతమును వారికి అన్యాయము జరుగని రీతిగా ముందు చెప్పెదను. నదిని కొలుచుట కష్టము, వ్యయసాధ్యము; కావున పూర్వులు ఏ సాధనముతో కొలిచినను ఆ అంకెలన్నియు అమూల్యములే. సాధనములు పరీక్షకు నిలిచినవే గనుక వాని ఫలితములను ఒక్క పట్టికలో చేర్చుటలో దోషము లేదు. ఒకదాని పొరపాటు పైకి, వేరొకదాని పొరపాటు క్రిందికి పోవుచుండును గనుక వందలకొలది అంకెలను కుప్పవోసినప్పుడు పొరపాట్లు తమలో తాము చెల్లిపోయి ప్రకృతినియమము పైకి తేలును. ఒకవేళ ఏదైన ఒక సాధనము ఎక్కువ చూపుచున్నదని తేలినచో దానికొక గుణకము కట్టి సరిచేసికొనవచ్చును. వినుటకు ఇది వివేకముగానే యున్నది. సూత్రములను పరీక్షించుటకై కూర్చబడిన సంకలనములు పెక్కింటికి ఈ నమ్మికయే పునాది. ఈ పునాది నిలువదని నా వాదము.

మొదట కొలువబడు వస్తువేదో చూతము. గోదావరి ఎర్రనీటిని ఒక సీసాలో పట్టి, తేరనిచ్చి, అడుగున దిగిన ఒండ్రును ఆరబెట్టి తూచినచో ఆ నదిని గూర్చి ఎంతో కొంత నిజము చేతికి వచ్చును. కొండయేటి కంకర అట్లు సీసాకు చిక్కునది కాదు. అది నీటిలో తేలదు. అడుగుననే దొర్లుచు, జారుచు, ఒక్కొక్కప్పుడు ఎగిరిపడుచు పోవును. దీనిని ఇంజనీర్లు బెడ్ లోడ్ అందురు, నేనిక్కడ అడుగుభారమనియెదను. పైగా కంకర ఏటికి ఒక కవచము కలదు: పైపొర రాళ్ళు పెద్దవి, వాని క్రింద దాగినవి చిన్నవి. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రమున ఓక్ క్రీక్ అను చిన్న యేటిలో పైపొర రాళ్ళ మధ్యస్థ పరిమాణము 54 మిల్లీమీటర్లు కాగా లోపొరది 20 మిల్లీమీటర్లే. ఈ కవచము కదలనంతవరకు ఏటి అడుగు దాదాపు నిశ్చలము. కదలిక మొదలైన పిమ్మటనైనను ప్రతిరాయి కొంతదూరము పోయి, ఆగి, ఎంతసేపు ఆగునో చెప్పరానట్లు ఆగి, మరల కదలును. ఈ ఆగుట కదలుటలు సంభావ్యతాశాస్త్రమునకు చెందిన విషయమని 1930లలోనే జ్యూరిచ్‌లో తన పరిశోధనగ్రంథమున నిరూపింపబూనినవాడు హన్స్ ఆల్బర్ట్ ఐన్‌స్టీన్. ఆ మహానుభావుని కుమారుడే. యాదృచ్ఛికమునకు తండ్రి విముఖుడై యుండగా కుమారుడు గులకరాళ్ళలో దానినే వెదకికొనుట ఒక చమత్కారము.

ఇక సాధనము. 1971లో అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన హెల్లీ, స్మిత్ అను ఇరువురు ఒక పరికరమును రూపొందించిరి. మూడంగుళముల చదరపు మూతి, అనగా 76 మిల్లీమీటర్లు. మూతి వెనుక వెడల్పగుచు పోవు లోహపు గొంతు. దాని చివర సన్నని వలసంచి. గొంతు వెడల్పగుటచే లోపలి నీరు వెనుకకు లాగబడి, మూతికడ ప్రవాహవేగము ఏటి సహజవేగము కంటె సుమారు ఒకటిన్నర రెట్లగును. పిడి పట్టుకొని దీనిని ఏటి అడుగునకు దించి, అరనిమిషమో నిమిషమో ఉంచి, పైకి తీసి, సంచిలో పడినదానిని తూచుదురు. పిమ్మట ఒక అడుగు ప్రక్కకు జరిగి మరల దించుదురు. చవుక, తేలిక, ఒక్క మనిషి మోయదగినది. లోకమంతట వ్యాపించుటలో ఆశ్చర్యము లేదు.

దీని కీర్తికి కారణమైన పరీక్ష వయోమింగ్ రాష్ట్రమున ఈస్ట్ ఫోర్క్ నదిలో జరిగినది. 1970లలో లూనా లియోపోల్డ్, విలియం ఎమ్మెట్ అనువారు ఆ నది అడుగున ఈ ఒడ్డునుండి ఆ ఒడ్డువరకు ఒక కాంక్రీటు తొట్టి కట్టించి, అందులో పడిన సమస్తమును తిరుగుడు పట్టాపై ఒడ్డునకు చేర్చి, తూచి, మరల నదికే అప్పగించు ఏర్పాటు చేసిరి. నదిని సంపూర్ణముగా తూచిన త్రాసది. దాని ప్రక్కనే హెల్లీ-స్మిత్ పరికరమును దించి చూచి, అర మిల్లీమీటరు మొదలు 16 మిల్లీమీటర్ల వరకు గల రేణువుల విషయమున పరికరము దాదాపు నూటికి నూరు పాళ్ళు నిజము చెప్పుచున్నదని ఎమ్మెట్ 1980లో ప్రకటించెను. ఈ పరీక్షను గూర్చి నాకు అణుమాత్రమైన ఆక్షేపణ లేదు. అంతటి శ్రద్ధతో నదిని కొలిచిన ఘట్టములు ఈ శాస్త్రచరిత్రలో అరుదు. ఆక్షేపణ యంతయు ఆ తరువాతివారిపై. ఈస్ట్ ఫోర్క్ అడుగున పారునది ప్రధానముగా ఇసుక. ఎమ్మెట్ తన ఫలితమునకు పరిమాణపు హద్దులు గీచియే చెప్పెను. చదివినవారు హద్దులను విడిచి "నూటికి నూరు" అను మాటను మాత్రము మూటగట్టుకొని కవచముగల కంకర ఏళ్ళకు ఎత్తుకొనిపోయిరి. ఇసుకనేలపై పరీక్షకు నిలిచిన బండి రాళ్ళగుట్టపై కూడ అట్లే నడచునని పూచీపడుట వంటిదిది.

కంకర ఏటిలో ఆ పరికరమును దించినప్పుడు ఏమగునో దగ్గరనుండి చూడవలెను. అడుగు సమముగా లేదు. పిడికిలంత రాయి ఒకటి, దాని ప్రక్కన గుంట, గుంటలో చింతగింజలంత గులకలు. మూతి అంచు పెద్దరాతిపై నిలిచినచో క్రింద సందు మిగిలి, పోవలసినది ఆ సందునుండి పోవును. గుంటలో దిగినచో, దించు ఊపునకే నాలుగు గులకలు చలించి, ఒకటిన్నర రెట్లు వేగము గల నీటికి చిక్కి సంచిలో పడును. పైకి తీయునపుడు పిడి ఒకింత ముందుకు వంగెనా, మూతి పారవలె అడుగును గీచి మరి రెండు రాళ్ళను లోపల వేసికొనును. మోకాటిలోతు మంచునీటిలో నిలిచి, ప్రవాహమునకు ఎదురొడ్డుచున్న మనిషి చేయి నిశ్చలముగా ఉండవలెననుట న్యాయము కాదు. ఒడ్డునకు వచ్చి సంచి విప్పినప్పుడు ఏ రాయి తనంత తాను వచ్చినది, ఏది బలవంతమున వచ్చినది యని తెలుపు గుర్తు దేనిపైనను ఉండదు. పుస్తకములో ఎక్కునది బరువు మాత్రమే.

ఇట్టి ఒక్క రాయి చేయు పనిని లెక్కగట్టి చూడుడు. 16 మిల్లీమీటర్ల గుండ్రని గులకరాయి బరువు ఇంచుమించు 5.7 గ్రాములు. 76 మిల్లీమీటర్ల మూతిలో ఒక నిమిషమున అది పడినదన్నచో, మీటరు వెడల్పునకు సెకనుకు 1.25 గ్రాముల చొప్పున అడుగుభారము పోవుచున్నదని తాత్పర్యము. అదే రాయి 30 సెంటీమీటర్ల మూతి గల వలలో ఒక గంట కాలమున పడినచో వచ్చు అంకె 0.0053 గ్రాములు. ఏరు అదే, రాయి అదే. అంకెలకు మాత్రము 237 రెట్లు తేడా.

ప్రతిపక్షులు ఇక్కడ ఒక సమాధానము చెప్పుదురు, అది పూర్తిగా త్రోసివేయదగినది కాదు. ఒకచోట రాయి పడినను మిగిలిన ముప్పదితొమ్మిదిచోట్ల సంచి ఖాళీగా వచ్చును గదా, నలుబదింటి సగటు తీసినచో అతిశయోక్తి అణగిపోవును గదా యందురు. ఎమ్మెట్ విధించిన పద్ధతియు అదియే: ఏటి వెడల్పున ఇరువది స్థానములు, రెండు పర్యాయములు. సగటు నిజాయితీగా తీసినచో యాదృచ్ఛికముగా పడిన రాతి విషయమున ఈ వాదము సత్యమని నేనంగీకరింతును. కాని గీచి తెచ్చిన రాయి సగటుతో సత్యమగునా? తప్పు ఒకే వైపునకు పోవుచుండగా నలుబది మారులు చేసినంతమాత్రమున అది చెల్లిపోదు. నలుబది మారులు కూడుకొనును. మరియొకటి: నలుబది నిమిషముల కొలతలోనైనను ఈ పరికరము చెప్పగల అత్యల్పమైన అంకె, సున్న కానిది, ఒక్క గులకరాతి అంకెయే. ఒక గంట నిలిచిన అట్టి ఐదు వలలు దానికంటె ముప్పది రెట్లు సన్ననైన కదలికను పసిగట్టగలవు. ఆ ఒక్క రాతి అంకెకంటె సన్నని నిజము ఏటిలో ఉన్నను హెల్లీ-స్మిత్‌కు రెండే మాటలు తెలియును: ఏమియు లేదు, లేక చాల కలదు.

ఆ "ఏమియు లేదు" అను మాటకు పట్టిన గతి ఈ కథలో మిక్కిలి విచారకరమైన భాగము. అడుగుభారమును ప్రవాహముతో పోల్చి గీయు చిత్రములన్నియు సంవర్గమాన కాగితముపై గీయబడును. ఏలయన అంకెలు వేల, లక్షల రెట్లు మారుచుండును. సున్నకు సంవర్గమానము లేదు. కావున సంచి ఖాళీగా వచ్చిన దినములు ఆ కాగితముపై స్థానము లేక జారిపోయినవి. తక్కువ నీటిలో పది దినములు కొలువగా ఎనిమిది దినములు ఏమియు పడక, రెండు దినములు ఒక్కొక్క రాయి పడినదనుకొనుడు. గీతపై మిగులునది ఆ రెండు దినములే. చూచువాడు తక్కువ నీటిలోకూడ ఏటి అడుగు చురుకుగానే కదలుచున్నదని తలచును. ఇది నది చెప్పిన అబద్ధము కాదు, పరికరము చెప్పినదియు కాదు, కాగితము చెప్పినది. సున్నను లోకమునకిచ్చిన దేశమున పుట్టినవాడనగుటచే కాబోలు, దానికి జరిగిన ఈ అవమానము నాకు కొంచెము ఎక్కువగా నొచ్చుచున్నది.

ఈ అనుమానములు తర్కముతోనే నిలిచిపోయినచో నన్ను పిడివాదియని కొట్టివేయవచ్చును. కాని క్రిస్టిన్ బుంటే, ఆమె సహచరులు కలసి కొలరాడో, వయోమింగ్ మొదలగు రాష్ట్రముల కొండయేళ్ళలో వేరొక సాధనముతో ఈ విషయమును ప్రత్యక్షముగా పరీక్షించి 2004 మొదలుకొని ప్రకటించుచు వచ్చిరి. వారిది 30 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు గల అల్యూమినియపు చట్రము. దాని వెనుక ఇరువది కిలోల కంకర పట్టు, ఇంచుమించు 90 సెంటీమీటర్ల పొడవు వల. దానిని ఏటి అడుగున ముందుగానే మేకులు దిగగొట్టి బిగించిన పలకపై నిలిపి, గంటసేపు కదలించక వదలుదురు. గీచుట లేదు, పారవలె తవ్వుట లేదు, నిమిషములో తొందర లేదు. అదే యేటిలో, అవే దినములలో హెల్లీ-స్మిత్‌ను కూడ దించి పోల్చి చూడగా తక్కువ ప్రవాహములలో పాత పరికరపు అంకెలు వలల అంకెలకంటె వందల రెట్లు, వేల రెట్లు హెచ్చుగా నుండెను. ఏరు ఒడ్లునిండి పారు వేళకు రెండును దగ్గరకు వచ్చెను.

ఈ చివరి మాటను గట్టిగా పట్టుకొనవలెను. తేడా సర్వత్ర ఒక్కటే యైనచో గుణకము కట్టవచ్చును. మా ఊరి కుంచము మీ కుంచమునకు సవాయి యని తేల్చుకొని బేరము చేసికొనవచ్చును. ఇక్కడ కుంచము నీటితోపాటు పెరుగుచు తరుగుచున్నది. అంతేగాక దోషము అంకెలో మాత్రమే లేదు, గీత వాలులోనే కలదు: వలలు చూపు గీత నిట్టనిలువుగా లేచును, హెల్లీ-స్మిత్ గీత మందముగా ప్రాకును. మందపు గీతను నమ్మినవాడు సంవత్సరము పొడవున పారు సామాన్యపు నీరే ఏటిని తీర్చిదిద్దుచున్నదని చెప్పును. నిలువు గీతను నమ్మినవాడు కొన్ని దినముల పెద్దవరదయే ఆ పని చేయుచున్నదనును. ఇది పండితుల గొడవ మాత్రమే కాదు. జాతీయారణ్యములలోని ఏళ్ళ స్వరూపము చెడకుండుటకు ఎంత ప్రవాహమును వాని గర్భముననే ఉంచవలెనను వ్యాజ్యము కొలరాడోలో 1990లో న్యాయస్థానమున విచారణకు వచ్చెను. నీరు రైతుకా, నగరమునకా, ఏటికా యను తగవులో సాక్ష్యము పలుకునది ఈ గీతయే. పొడుగు సంకలనములలో రెండు సాధనముల అంకెలను కలిపి గీచిన గీత రెండింటిలో దేనికిని చెందక, ఏ ఏటికిని చెందక, పాలునీళ్ళు కలిపినట్లు పలుచనై మిగులును.

కొత్త వలలను నేను పూజించుటలేదు. నాలుగు మిల్లీమీటర్లకు లోబడిన ఇసుక వాని కన్నులనుండి జారిపోవును. మనిషి దిగి నిలువలేని వరదలో వానిని నిలుపుట కుదరదు. వరద ముదిరినకొలది గంట కాదు, పది నిమిషములకే వల నిండిపోవును. అదియు ఒక ఊరి కుంచమే. దాని పేరు చెప్పినంతవరకు నాకు పేచీ లేదు.

ఇంతవరకు నాతో నడచివచ్చి, "అట్లయినచో పాత అంకెలన్నింటిని ఏటిలో కలుపుదము" అను తొందరపాటువారు కొందరు కలరు. వారిది మొదటివారి తప్పునకు తోబుట్టువు. ఇరువురును అంకెను మాత్రమే చూచుచున్నారు. ఒకరు దానిని కౌగిలింతురు, ఒకరు త్రోసివేయుదురు, చదువువారు మాత్రము లేరు. పాత అంకెను చదివినచో ఏమి దొరకునో తెలియుటకు జ్యూరిచ్ ఉదాహరణ చాలును. అక్కడి మైయర్-పేటర్, ముల్లర్ అనువారు 1948లో స్టాక్‌హోమ్ సభలో ప్రకటించిన అడుగుభారపు సూత్రము అరువది సంవత్సరములు ఇంజనీర్లకు పంచాంగమైనది. దానిలో గుణకము 8. కదలిక మొదలగు హద్దు 0.047. ఏటి అడుగున తిన్నెలు లేచినప్పుడు ప్రవాహబలములో కొంత తిన్నెలపై వ్యర్థమగునని, మిగిలినదే రాళ్ళను కదలించునని వారు ఒక తగ్గింపు చేసిరి. 2006లో మిగెల్ వాంగ్, గ్యారీ పార్కర్ ఇరువురు వారి మూలపట్టికలను తెరచి, ప్రతి ప్రయోగమున అడుగు ఎట్లుండెనో విచారించి, ఆ ప్రయోగములలో అడుగు చదునుగానే యున్నది గనుక ఆ తగ్గింపునకు ఆస్కారమే లేదని తేల్చిరి. తగ్గింపును తీసివేయగా గుణకము 3.97కు దిగినది, హద్దు 0.0495 అయినది, అనగా లోకము అరువదేండ్లుగా రమారమి రెట్టింపు లెక్క వేయుచు వచ్చినది. గమనింపుడు: కొలతలో తప్పు లేదు. నీటిలోతు, వాలు, కంకర బరువు అన్నియు యథార్థములే. తప్పు వ్యాఖ్యానమున కలదు. దానిని పట్టియిచ్చినవి ఆ పాత పట్టికలే.

ఆ పరిశీలనకు ఆధారమైన వానిలో గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ 1914లో ప్రకటించిన ప్రయోగములు కూడ కలవు. కాలిఫోర్నియాలో బంగారమునకై కొండలను నీటిధారలతో కరగించి నదులలోనికి త్రోసిన గనుల పాపమును లెక్కింపుమని ప్రభుత్వము పంపగా, ఆయన బర్క్‌లీలో కొయ్యకాలువ కట్టించి ఇసుకను, కంకరను నడిపించెను. తన అభిప్రాయమును నాలుగు పుటలలో చెప్పి ఊరకుండక, ప్రతి ప్రయోగపు వాలును, నీటిని, భారమును పట్టికలుగా అచ్చువేయించెను. అచ్చువేసిన కాగితమునకు ఖర్చు ఎక్కువైనదని ఆనాడు ఎవడైన గొణిగెనో లేదో. తొంబదియేండ్లకు పైబడిన పిమ్మట అది అక్కరకు వచ్చినది. ఓక్ క్రీక్ విషయమును అంతే. అక్కడ ఏటికి అడ్డముగా ఐమూలగా ఒక గాడి తవ్వి, అందులో సుడి తిరుగు నీరు కంకరను ప్రక్కనున్న గుంటకు చేర్చునట్లు చేసి, రాబర్ట్ మిల్‌హౌస్ 1970ల మొదట కొలిచినదానిని పార్కర్ ప్రభృతులు 1982లో మరల చదివి కవచపు ఏళ్ళలో పెద్దరాళ్ళు చిన్నరాళ్ళు ఇంచుమించు ఒక్కసారిగా కదలునను కొత్త ఊహకు పాదు వేసిరి. ఆ పట్టికలు నిలిచినవి ఏలయన అందు ఏ సాధనమో, ఎంత కాలమో, ఏ పరిమాణపు రాయి ఎంత బరువో విడివిడిగా కలదు.

రాయి ఎప్పుడు కదలుననునదే ఏకాభిప్రాయము లేని విషయమని బఫింగ్టన్, మాంట్‌గోమరీ ఎనిమిది దశాబ్దముల ప్రయోగములను వెదకి 1997లో చూపిరి. కంటితో చూచి నిర్ణయించినవారి హద్దు 0.030 మొదలు 0.073 వరకు, కొలిచిన భారమునుండి వెనుకకు లెక్కగట్టినవారిది 0.052 మొదలు 0.086 వరకు. ఒక కన్ను, ఒక త్రాసు, రెండు కుంచములు. దీనిని చదివిన పిమ్మటకూడ పాఠ్యగ్రంథములలో ఏకైకమైన ఒక అంకెను వేదవాక్యముగా వల్లింపజేయుచుండుట ఏ న్యాయమో నాకు తెలియదు.

పనిలో నున్న ఇంజనీరు విసుగుకొని, "మీ సందేహములతో నా వంతెన నిలువదు, నాకొక అంకె కావలెను" అనును. ఆయన కష్టము నిజమే. ఆయన అడిగినది ఒడ్లు నిండిన వరదను గూర్చియైనచో హెల్లీ-స్మిత్ పాత అంకెను కొంత ధైర్యముతోనే ఇయ్యవచ్చును. అక్కడ రెండు సాధనములు దగ్గరపడుచున్నవని చూచితిమి గదా. పెద్దరాళ్ళు 76 మిల్లీమీటర్ల మూతిలో పట్టవను జాగ్రత్త ఒకటి చెప్పవలెను. సామాన్యప్రవాహమును గూర్చియైనచో ఆ అంకెను ఆయన చేతికి ఇయ్యకుండుటయే ఆయనకు చేయు ఉపకారము. పాత దత్తాంశమంతయు ఒక్క రంగు కాదు. ఒకే పుస్తకములో ఒక పుట నమ్మదగినది, వేరొక పుట కానిది యగును.

కావలసినదెల్ల ఆ పుటలు వెలుపలికి వచ్చుటయే. ఐడహో మొదలగు ప్రాంతముల కంకర ఏళ్ళలో హెల్లీ-స్మిత్‌తో పట్టిన నమూనాల సంఖ్య స్వల్పము కాదు. ప్రతి నమూనాకు వెనుక ఒక తడిసి ఆరిన క్షేత్రపత్రము ఉండవలెను: ఏ మూతి, ఏ కన్నుల సంచి, ఎన్ని సెకనులు, ఎన్ని స్థానములు, వానిలో ఎన్ని ఖాళీ, పడిన రాళ్ళలో పెద్దది యెంత. సంకలనకర్తలు ఈ గడులన్నింటిని మడిచి, సగటును మాత్రము అచ్చువేసిరి. నలుబదింట ముప్పదితొమ్మిది ఖాళీ వచ్చిన దినమునకును, నలుబదింట నలుబది నిండి వచ్చిన దినమునకును వారి పట్టికలో ఒకే వెడల్పు గడి, ఒకే సిరా. ఆ ముప్పదితొమ్మిది సున్నలను గడ్డకట్టిన వ్రేళ్ళతో ఒక్కొక్కటిగా వ్రాసిన మనిషి యొకడు ఆ యేటి ఒడ్డున ఉండెను.